బ్రోకర్ లేకుండా ఇల్లు అమ్మితే: కాగితాల వరుస, డబ్బు వరుస

సంక్షిప్తంగా: మధ్యవర్తి లేనంత మాత్రాన ఇల్లు అమ్మడానికి చట్టం కోరే కాగితాలు పెరగవు, తగ్గవు. ఏ కాగితం ఎప్పుడు చేతులు మారాలి, దానికి బదులుగా డబ్బు ఎప్పుడు, ఏ రూపంలో రావాలి అన్నది చూసుకునే పని మాత్రం పూర్తిగా యజమాని మీద పడుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సొంత ఇల్లు లేదా ఫ్లాట్ అమ్మేటప్పుడు ఆ వరుస ఎక్కడ తప్పుతుందో, తప్పితే నష్టం ఎవరికో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో ఇల్లు అమ్మదలచినవారు ఇప్పుడు వెబ్‌సైట్లలోనో, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లోనో ప్రకటన పెట్టి కొనేవారిని నేరుగా వెతుక్కోగలుగుతున్నారు. ధరలో ఒక శాతమో రెండు శాతమో కమిషన్‌గా ఇవ్వడం ఆనవాయితీ కాబట్టి, 80 లక్షల ఇంటి మీద ఆ ఖర్చు 80 వేల నుంచి లక్షా 60 వేల దాకా ఉంటుంది. దాన్ని మిగుల్చుకోవాలని చాలామంది అనుకోవడం సహజం. చట్టం వైపు నుంచి దీనికి అడ్డు లేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో గానీ, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో గానీ అమ్మకానికి ఏజెంటు ఉండి తీరాలన్న నిబంధన లేదు. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం నమోదు కోరేది ప్రాజెక్టులు కట్టేవారిని, వాటిలో అమ్మకాలు కుదిర్చే ఏజెంట్లను. తాను నివసించిన ఇంటిని అమ్ముకునే యజమానిని కాదు.

సందేహాలు మొదలయ్యేది ధర కుదిరిన తరువాత. నిజానికి కాగితాల పనిలో పెద్ద భాగం బ్రోకర్ ఎన్నడూ చేసింది కాదు. హక్కు పరిశీలించి లీగల్ ఒపీనియన్ ఇచ్చేది న్యాయవాది. దస్తావేజు రాసేది డాక్యుమెంట్ రైటర్. ఈసీ, అంటే ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీలను చూపే ధ్రువపత్రం, ఇచ్చేది సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయం. అప్పు మంజూరు చేసేది బ్యాంకు. వీరందరి మధ్య తిరుగుతూ, లేని కాగితాన్ని ముందుగా అడిగి తెప్పించడం, ఇరుపక్షాలకూ గడువు గుర్తుచేయడం, డబ్బు, సంతకం ఒకే రోజు కలిసేలా చూడడం అనుభవం ఉన్న బ్రోకర్ చేసే అసలు పని. అతను లేనప్పుడు భర్తీ చేయవలసింది ఈ పనినే.

రిజిస్ట్రేషన్ అయితే హక్కు తేలినట్లేనా?

ఇన్ని పాత కాగితాలు ఎందుకు అడుగుతారో అర్థం కావాలంటే మన దేశంలో రిజిస్ట్రేషన్ స్వభావం తెలియాలి. ఇక్కడ నమోదయ్యేది దస్తావేజు మాత్రమే. ఫలానా ఇల్లు ఫలానా వ్యక్తిదేనని ప్రభుత్వం హామీ ఇవ్వదు. అమ్మేవారికి నిజంగా హక్కు ఉందో లేదో విచారించి తేల్చే అధికారం సబ్‌రిజిస్ట్రార్‌కు లేదు. హక్కు రుజువు చూపలేదన్న కారణంతో రిజిస్ట్రేషన్ నిరాకరించే వీలు కల్పించిన తమిళనాడు నిబంధనను సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో కొట్టివేస్తూ ఇదే సూత్రాన్ని మళ్లీ చెప్పింది.

దక్షిణ ఆస్ట్రేలియాలో 1858లో మొదలైన టారెన్స్ పద్ధతి ఇందుకు భిన్నం. అక్కడ ప్రభుత్వ రిజిస్టరులో ఉన్న పేరే హక్కుకు ఆధారం కాబట్టి వెనుకటి దస్తావేజులు తవ్వి చూడవలసిన అవసరం దాదాపు ఉండదు. ఆంధ్రప్రదేశ్ ఆ దిశగా 2022లో భూ హక్కుల చట్టం తెచ్చింది. 2023 అక్టోబరు 31 నుంచి అది అమల్లోకి వచ్చినా, తీవ్రమైన వివాదం తరువాత 2024లో రద్దయింది. కాబట్టి రెండు రాష్ట్రాల్లోనూ పాత పద్ధతే కొనసాగుతోంది: తన హక్కును వెనుకటి దస్తావేజుల వరుసతో చూపించే భారం అమ్మేవారిదే, దాన్ని పరీక్షించుకునే భారం కొనేవారిదే.

ఒక మినహాయింపును గమనించాలి. రెండు రాష్ట్రాలకూ వర్తించే రిజిస్ట్రేషన్ చట్టంలోని సెక్షన్ 22-ఏ ప్రకారం ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్ తదితర భూముల సర్వే నంబర్లు నిషేధిత జాబితాలో ఉంటాయి. వాటికి సబ్‌రిజిస్ట్రార్ రిజిస్ట్రేషన్ చేయరు. ఒక సర్వే నంబరులో కొంత భాగమే ప్రభుత్వ భూమి అయినా నంబరు మొత్తం జాబితాలోకి ఎక్కిన సందర్భాలు ఉన్నాయి. ఏళ్ల తరబడి పన్ను కట్టిన ఇంటికి కూడా ఈ చిక్కు ఎదురుకావచ్చు కాబట్టి, ప్రకటన ఇవ్వకముందే రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో తన సర్వే నంబరును వెతికి చూసుకోవడం ఖర్చు లేని జాగ్రత్త. అడ్వాన్స్ తీసుకున్న తరువాత ఈ సంగతి బయటపడితే అది గొడవగా మారుతుంది.

లింక్ డాక్యుమెంట్లు, ఈసీ

యజమాని దగ్గర తన పేరిట ఉన్న సేల్ డీడ్ ఒక్కటే ఉంటే సరిపోదు. తనకు అమ్మినవారికి అది ఎలా వచ్చింది, అంతకు ముందువారికి ఎలా వచ్చింది అన్నది చూపే లింక్ డాక్యుమెంట్లు కావాలి. బ్యాంకు అప్పుతో కొనే వ్యక్తి అయితే బ్యాంకు న్యాయవాది సాధారణంగా 30 ఏళ్ల వరుస అడుగుతారు. ఫ్లాట్ అయితే స్థల యజమానికి, బిల్డర్‌కు మధ్య జరిగిన డెవలప్‌మెంట్ ఒప్పందం, మంజూరైన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అవిభక్త స్థలంలో వాటా ఎన్ని గజాలో స్పష్టంగా రాసిన పాత దస్తావేజు కూడా ఈ వరుసలోకే వస్తాయి.

వీటిలో ఒక అసలు దస్తావేజు పోయి ఉంటే అమ్మకం ఆగిపోదు. రిజిస్టరైన దస్తావేజుకు సర్టిఫైడ్ నకలు సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో దొరుకుతుంది. దానికి తోడు పోలీసు ఫిర్యాదు, పత్రికా ప్రకటన, అఫిడవిట్ సిద్ధం చేస్తే చాలా బ్యాంకులు పరిశీలిస్తాయి. అయితే దీనికి వారాలు పడుతుంది. అసలు ఎక్కడో తాకట్టులో ఉందేమోనన్న అనుమానం కొనేవారికి కలగడమూ సహజమే కాబట్టి, ఈ పని కొనేవారు కనిపించకముందే పూర్తయి ఉంటే ధర దగ్గర బేరం పలచబడదు.

ఈసీ విషయంలో అపోహ ఎక్కువ. 1983 నుంచి జరిగిన లావాదేవీల ఈసీని ఇప్పుడు రెండు రాష్ట్రాల వెబ్‌సైట్ల నుంచీ పొందవచ్చు. అంతకు ముందు కాలానికి కార్యాలయంలోని పాత పుస్తకాలు వెతికించాలి. దానిలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే. నోటి మాటతో జరిగిన కుటుంబ పంపకం, రిజిస్టర్ చేయని వీలునామా, సాదా కాగితంపై రాసుకున్న అగ్రిమెంట్ అందులో కనిపించవు. అసలు దస్తావేజులు బ్యాంకులో ఉంచి తీసుకున్న అప్పుకు సంబంధించిన మెమోరాండం (ఆ తాకట్టును నమోదు చేసే పత్రం) రిజిస్టర్ కాకపోతే అదీ కనిపించదు. ఆ లోటు పూడ్చడానికే బ్యాంకులు తమ తనఖాలను కేంద్ర స్థాయిలోని సెర్సాయ్ రిజిస్ట్రీలో నమోదు చేస్తాయి, కొనేవారి బ్యాంకు అక్కడ కూడా వెతుకుతుంది. కాబట్టి ఈసీలో ఏమీ లేదంటే ఆస్తిపై ఏ భారమూ లేదని అర్థం కాదు. అలాగే పాత అప్పు తీర్చేసినా దాని విడుదల దస్తావేజు రిజిస్టర్ చేయించకపోతే, ఆ తనఖా ఈసీలో ఇంకా నిలిచే ఉంటుంది. అమ్మేవారు తమ ఈసీని తామే ముందుగా తీసి వరుస వరుసగా చదువుకోవలసింది ఇందుకే.

పేర్ల తేడా చిన్నదిగా కనిపించే పెద్ద చిక్కు. పాత దస్తావేజుల్లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాన్ కార్డులో పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఇంటిపేరు చివరకు వెళుతుంది. వివాహమైన మహిళల విషయంలో పుట్టింటి పేరు ఒకచోట, అత్తింటి పేరు మరోచోట ఉంటుంది. ఇద్దరూ ఒక్కరేనని అఫిడవిట్ ఇస్తే సాధారణంగా సరిపోతుంది. కానీ చెక్కుబందీలో, అంటే నాలుగు హద్దుల వివరంలో, దక్షిణం, ఉత్తరం తారుమారైనా, ఇంటి నంబరు మారినా, విస్తీర్ణం తప్పు పడినా అఫిడవిట్ చాలదు. సవరణ దస్తావేజు కావాలి, దానికి పాత అమ్మకందారు సంతకం కావాలి. ఆయన దొరకకపోతే లేదా మరణించి ఉంటే వారసుల చుట్టూ తిరగవలసి వస్తుంది. ఈ ఒక్క కారణంతోనే నెలల తరబడి నిలిచిపోయే అమ్మకాలు ఉంటాయి.

తండ్రి పేరిట ఉన్న ఇల్లు

అన్ని కాగితాల్లోకీ ఎక్కువ జాగ్రత్త కోరేది వారసత్వపు ఇల్లు. వీలునామా రాయకుండా మరణించిన హిందూ పురుషుడి స్వార్జిత ఆస్తి, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, బతికి ఉంటే ఆయన తల్లికి సమానంగా చెందుతుంది. తల్లి వాటా సంగతి చాలా కుటుంబాలు మరచిపోతాయి. ఆమె తరువాత మరణించి ఉంటే ఆ వాటా ఆమె వారసులందరికీ, అంటే మరణించినవారి అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు కూడా చేరుతుంది.

ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్ల హక్కు మరింత వివాదాలకు తావిచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1986 సవరణతోనే పెళ్లి కాని కూతుళ్లకు సమాన హక్కు ఇచ్చింది. 2005 కేంద్ర సవరణ దాన్ని కూతుళ్లందరికీ విస్తరించింది. 2005 నాటికి తండ్రి జీవించి ఉన్నారా లేదా అన్నదానితో నిమిత్తం లేకుండా ఆ హక్కు వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో తేల్చింది. 'కట్నంతో ఆమె వాటా తీరిపోయింది' అన్న మాటకు చట్టంలో విలువ లేదు. కూతురు హక్కు వదులుకోదలచుకుంటే రిజిస్టరైన హక్కు విడుదల దస్తావేజు ఇవ్వాలి, లేదా సేల్ డీడ్‌లో మిగతావారితో పాటు అమ్మకందారుగా సంతకం చేయాలి. రెండో పద్ధతిలో కాగితం ఒక్కటే, ఆమె వాటా సొమ్ము ఆమె ఖాతాలోకే వెళ్లే అవకాశం కూడా దానిలోనే ఉంది. న్యాయం రీత్యా కూడా అదే మేలైన మార్గం.

వారసుల్లో మైనరు ఉంటే సంరక్షకుల సంతకంతో పని జరగదు. 1956 నాటి మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలోని 8వ సెక్షన్ ప్రకారం మైనరు వాటా అమ్మకానికి కోర్టు అనుమతి కావాలి. అనుమతి లేని అమ్మకాన్ని ఆ మైనరు పెద్దయ్యాక సవాలు చేయవచ్చు. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తహసీల్దారు కార్యాలయంలో దొరుకుతుంది గానీ, అది వారసులెవరో చూపే పత్రమే తప్ప ఎవరి వాటా ఎంతో తేల్చే పత్రం కాదు.

అగ్రిమెంట్: తేలిగ్గా రాసే కాగితం

ధర కుదిరిన రోజు అడ్వాన్స్ ఇచ్చి వంద రూపాయల స్టాంపు కాగితం మీద అగ్రిమెంట్ రాసుకోవడం విస్తృతంగా ఉన్న అలవాటు. 1999లో తెచ్చిన రాష్ట్ర సవరణ ప్రకారం అగ్రిమెంట్ కూడా రిజిస్టర్ చేయవలసిన దస్తావేజే. రిజిస్టర్ కాని అగ్రిమెంటును అమ్మకం అమలు కోరే దావాలో సాక్ష్యంగా చూపే వీలు రిజిస్ట్రేషన్ చట్టంలోని 49వ సెక్షన్ కల్పిస్తుంది కాబట్టి అలవాటు కొనసాగుతోంది. అమ్మేవారు దాన్ని పనికిరాని కాగితంగా భావించి మరొకరికి ఎక్కువ ధరకు అమ్మబోతే, మొదటి వ్యక్తి కోర్టుకు వెళ్లి ఆ ఇంటి అమ్మకాన్ని ఏళ్ల తరబడి ఆపగలరు.

ఇల్లు స్వాధీనం చేసినట్లు అగ్రిమెంటులో ఒక్క వాక్యం చేరితే దాని స్వభావమే మారుతుంది. రెండు రాష్ట్రాల స్టాంపు నిబంధనల ప్రకారం స్వాధీనంతో కూడిన అగ్రిమెంటుకు సేల్ డీడ్‌కు కట్టినంత స్టాంపు సుంకం పడుతుంది. తాళాలు ముందే ఇచ్చి మిగతా డబ్బు కోసం ఎదురుచూసే పరిస్థితి అమ్మేవారికి ఎలాగూ మంచిది కాదు. గడువు తేదీ, గడువు దాటితే అడ్వాన్స్ ఏమవుతుంది, కొనేవారికి బ్యాంకు అప్పు రాకపోతే ఏమిటి, ఇంటి పన్ను, నీటి బిల్లు, అపార్ట్‌మెంట్ నిర్వహణ బకాయిలు ఏ తేదీ దాకా ఎవరివి అన్న నాలుగు సంగతులు స్పష్టంగా రాసుకున్న అగ్రిమెంట్, పేజీల కొద్దీ నమూనా పదజాలం కంటే మేలు.

అడ్వాన్స్ నగదుగా తీసుకోవడం మీద ఆదాయపు పన్ను చట్టం 2015 జూన్ 1 నుంచి గట్టి ఆంక్ష పెట్టింది. స్థిరాస్తి బదిలీకి సంబంధించి 20 వేల రూపాయలు, అంతకు మించిన మొత్తాన్ని నగదుగా తీసుకుంటే, తీసుకున్నంత మొత్తమూ జరిమానాగా పడవచ్చు. ఇక్కడ జరిమానా పడేది ఇచ్చినవారికి కాదు, పుచ్చుకున్న అమ్మకందారుకు. అదీ కాక, అగ్రిమెంట్ తేదీకీ రిజిస్ట్రేషన్ తేదీకీ మధ్య ప్రభుత్వ మార్కెట్ విలువ పెరిగితే, అడ్వాన్స్ బ్యాంకు ద్వారా వచ్చినప్పుడే అగ్రిమెంట్ నాటి విలువను పన్ను లెక్కకు తీసుకునే వీలు ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఫిబ్రవరి 1న జరిగినట్లు విలువలు ఒక్కసారిగా సవరించినప్పుడు ఈ తేడా లెక్కలోకి వస్తుంది.

ఇంటి మీద అప్పు మిగిలి ఉంటే

అమ్మే ఇంటి మీద గృహ రుణం ఉన్నప్పుడు అసలు దస్తావేజులు బ్యాంకులో ఉంటాయి. అవి చూడనిదే కొనేవారు డబ్బు ఇవ్వరు, డబ్బు రానిదే అమ్మేవారు అప్పు తీర్చలేరు. ఈ ముడి విప్పే వరుస ఒకటి స్థిరపడి ఉంది. ముందుగా అమ్మేవారు తమ బ్యాంకు నుంచి మిగిలిన అప్పు ఎంతో చెప్పే లేఖను, బ్యాంకు దగ్గర ఉన్న దస్తావేజుల జాబితాను, వాటి నకళ్లను తీసుకుంటారు. ఆ నకళ్లతో కొనేవారి బ్యాంకు హక్కు పరిశీలిస్తుంది. తరువాత కొనేవారి సొంత డబ్బుతో గానీ, వారి బ్యాంకు నేరుగా ఇచ్చే డ్రాఫ్టుతో గానీ పాత అప్పు తీరుతుంది. దస్తావేజులు విడుదలైన తరువాత, మెమోరాండం రిజిస్టరై ఉంటే దాని రద్దు కూడా రిజిస్టరైన తరువాత, సేల్ డీడ్ జరుగుతుంది.

ఇక్కడ ఆలస్యం సాధారణంగా దస్తావేజులు తిరిగి ఇవ్వడంలో వచ్చేది. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో అసలు కాగితాలు తిరిగి ఇవ్వాలని, ఆలస్యం బ్యాంకుదైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరులో ఆదేశించింది. అది అదే ఏడాది డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. దస్తావేజులు వేరే నగరంలోని కేంద్ర గోదాములో ఉండడం మామూలే కాబట్టి, అగ్రిమెంట్ గడువు పెట్టుకునేటప్పుడే ఈ 30 రోజులను కలుపుకోవాలి.

సంతకానికి ముందే డబ్బు

మధ్యవర్తి లేని అమ్మకంలో అన్నింటికంటే పెద్ద ప్రమాదం రిజిస్ట్రేషన్ రోజునే ఉంటుంది, అది ఎక్కువగా అమ్మేవారికే. ఆస్తి బదిలీ చట్టంలోని 54వ సెక్షన్ ప్రకారం చెల్లించిన ధరకే కాదు, చెల్లిస్తానని వాగ్దానం చేసిన ధరకు కూడా అమ్మకం చెల్లుతుంది. దస్తావేజులో 'మొత్తం ముట్టినది' అని రాసి రిజిస్టర్ చేశాక చెక్కు చెల్లకపోయినా, ఇల్లు తిరిగి రాదు. మిగిలిన డబ్బు కోసం దావా వేసుకోవచ్చు తప్ప, ధర ముట్టలేదన్న కారణంతో అమ్మకాన్ని రద్దు చేయలేరని సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది. ఉమ్మడి రాష్ట్రపు రిజిస్ట్రేషన్ నిబంధనల నుంచి వచ్చిన సూత్రం ప్రకారం సేల్ డీడ్ రద్దు దస్తావేజు మీద ఇరుపక్షాలూ సంతకం చేయాలి, అమ్మినవారు ఒక్కరే వెళ్లి రద్దు చేయించుకోలేరు. ముట్టని ధర మేరకు ఆ ఆస్తిపై అమ్మకందారుకు చట్టం ఒక భారాన్ని కల్పిస్తుంది గానీ, దాన్ని అమలు చేయించుకునేది కూడా కోర్టులోనే.

కాబట్టి మామూలు చెక్కుకు బదులు, జారీ చేసిన శాఖతో సరిచూసుకున్న డిమాండ్ డ్రాఫ్టు గానీ, సంతకానికి ముందే ఖాతాలో పడిన ఆర్‌టీజీఎస్ మొత్తం గానీ ఉండాలి. ప్రతి చెల్లింపు నంబరు, తేదీ, బ్యాంకు పేరుతో సహా దస్తావేజులో కనిపించాలి. కొనేవారి బ్యాంకు రిజిస్ట్రేషన్ తరువాతే డబ్బు విడుదల చేస్తానంటే, బ్యాంకు ప్రతినిధి ఆ డ్రాఫ్టుతో సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయానికి వచ్చే ఏర్పాటు అడగడం న్యాయమైన కోరిక.

మిగతా పని యాంత్రికమైనది. రెండు రాష్ట్రాల వెబ్‌సైట్లలోనూ నమూనా దస్తావేజులు, వివరాలు ముందుగా నింపుకునే సౌకర్యం ఉన్నాయి. తెలంగాణలో 2025 ఏప్రిల్ నుంచి దశలవారీగా స్లాట్ బుకింగ్ వచ్చింది. స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి రెండు రాష్ట్రాల్లోనూ విలువలో దాదాపు ఏడున్నర శాతం అవుతాయి, సాధారణంగా వాటిని కొనేవారే భరిస్తారు. ఇద్దరు సాక్షులు, ఫొటోలు, వేలిముద్రలు, గుర్తింపు కార్డులు తప్పనిసరి. సంతకమైన నాలుగు నెలల్లోపు దస్తావేజును రిజిస్ట్రేషన్‌కు సమర్పించాలి.

పన్ను లెక్కలో కాగితం విలువ

ధర గానీ ప్రభుత్వ విలువ గానీ 50 లక్షలు, అంతకు మించితే కొనేవారు ఒక శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను) మినహాయించి కట్టాలి. 2024 అక్టోబరు నుంచి ఈ 50 లక్షల పరిమితిని అమ్మేవారి, కొనేవారి సంఖ్యతో నిమిత్తం లేకుండా మొత్తం ఆస్తి విలువ మీదే చూస్తారు. 80 లక్షల ఇంటికి 80 వేలు మినహాయింపు అన్నమాట. ఆ మొత్తం అమ్మేవారి పాన్ మీద జమ అయిందో లేదో ఫారం 26ఏఎస్‌లో చూసుకునేదాకా పని పూర్తయినట్లు కాదు. అమ్మేవారి పాన్ పనిచేయని స్థితిలో ఉంటే రేటు 20 శాతానికి పెరుగుతుంది. ఈ వ్యాసంలోని పన్ను నియమాలు 1961 చట్టం ప్రకారం రాసినవి. 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా పెట్టిన 2025 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల సంఖ్యలు వేరు.

రెండేళ్లకు మించి ఉంచుకున్న ఇంటిపై వచ్చే లాభం దీర్ఘకాలికం. 2024 జులై 23 నుంచి జరిగే అమ్మకాలకు రేటు 12.5 శాతం, ద్రవ్యోల్బణ సర్దుబాటు లేదు. ఆ తేదీకి ముందే కొన్న స్థలం, ఇల్లు అయితే దేశంలో నివసించే వ్యక్తులు పాత పద్ధతిలో, అంటే సర్దుబాటుతో 20 శాతం లెక్కన, పన్ను తక్కువగా వస్తే అంతే కట్టవచ్చు. ఏది మేలన్నది ఇల్లు ఎంత వేగంగా విలువ పెరిగిందన్నదాని మీద ఆధారపడుతుంది. 2004-05లో 10 లక్షలకు కొన్న ఇంటిని 2025-26లో 80 లక్షలకు అమ్మితే కొత్త పద్ధతిలో పన్ను 8 లక్షల 75 వేలు, పాత పద్ధతిలో సుమారు 9 లక్షల 35 వేలు. అదే 80 లక్షలకు అమ్మిన ఇంటిని 2014-15లో 50 లక్షలకు కొని ఉంటే కొత్త పద్ధతిలో 3 లక్షల 75 వేలు, పాత పద్ధతిలో 33 వేల చిల్లర మాత్రమే. సెస్సు వీటికి అదనం. ఈ లెక్క చేయాలంటే కొన్న నాటి దస్తావేజు, అప్పుడు కట్టిన స్టాంపు సుంకం, తరువాత వేసిన పై అంతస్తు బిల్లులు చేతిలో ఉండాలి. బిల్లు లేని ఖర్చును పన్ను అధికారి ముందు నిలబెట్టడం కష్టం.

దస్తావేజులో ధర తగ్గించి రాసే అలవాటు ఇక్కడే ఎదురు తిరుగుతుంది. రాసిన ధర కంటే ప్రభుత్వ విలువ పది శాతానికి మించి ఎక్కువగా ఉంటే, ప్రభుత్వ విలువనే అమ్మకపు ధరగా లెక్కిస్తారు. 60 లక్షలు రాసిన ఇంటికి ప్రభుత్వ విలువ 70 లక్షలుంటే పన్ను 70 లక్షల మీదే. ఆ తేడా కొనేవారి ఆదాయంగా కూడా లెక్కలోకి వస్తుంది. 30 లక్షలు, అంతకు మించిన రిజిస్ట్రేషన్ల వివరాలు ఆదాయపు పన్ను శాఖకు నేరుగా చేరతాయి. నగదుగా వచ్చిన భాగాన్ని మరో ఇల్లు కొనడానికి చూపించలేరు కాబట్టి, ఆదాయపు పన్ను చట్టంలోని 54వ సెక్షన్ కింద కొత్త ఇంటి కొనుగోలుకు లభించే మినహాయింపు కూడా ఆ మేరకు చేజారుతుంది. ఆ సెక్షన్ ప్రకారం రెండేళ్లలో మరో ఇల్లు కొనాలి లేదా మూడేళ్లలో కట్టుకోవాలి. లేదంటే ఆరు నెలల్లో 50 లక్షల దాకా నిర్దేశిత బాండ్లలో పెట్టవచ్చు.

విదేశాల్లో ఉంటున్న యజమానులు

అమెరికా, గల్ఫ్ దేశాల్లో స్థిరపడిన తెలుగువారు ఇక్కడి ఫ్లాట్లను అమ్మేటప్పుడు రెండు అదనపు చిక్కులు ఉంటాయి. ఒకటి పవర్ ఆఫ్ అటార్నీ. దాన్ని అక్కడి నోటరీ లేదా భారత దౌత్య కార్యాలయం ముందు సంతకం చేసి పంపాలి. ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు సుంకం కట్టి చెల్లుబాటు చేయించాలి. ఆ పత్రం ఇచ్చేది యజమాని తరఫున సంతకం చేసే అధికారాన్ని మాత్రమే. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాయించుకున్నంత మాత్రాన ఆస్తి హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో తీర్పు చెప్పింది.

రెండోది పన్ను. అమ్మేవారు ప్రవాసి అయితే ఒక శాతం టీడీఎస్ వర్తించదు. దీర్ఘకాలిక లాభానికి 12.5 శాతం, దాని మీద సర్‌చార్జి, సెస్సు చొప్పున మినహాయించాలి. అసలు లాభం ఎంతో అధికారి తేల్చి ఇచ్చే తక్కువ మినహాయింపు ధ్రువపత్రం ముందుగా తీసుకోకపోతే, లాభం మీద కాక మొత్తం ధర మీదే మినహాయించి కట్టడం కొనేవారికి క్షేమంగా తోస్తుంది. ఆ డబ్బు రిటర్ను దాఖలు చేసి తిరిగి పొందేదాకా చిక్కుకుపోతుంది. ధ్రువపత్రం రావడానికి వారాలు పట్టవచ్చు కాబట్టి దరఖాస్తు అగ్రిమెంట్ కుదిరిన వెంటనే పెట్టాలి. అమ్మిన సొమ్ము, ప్రవాసుల భారత రాబడి జమయ్యే ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో పడి, అక్కడి నుంచి ఏడాదికి పది లక్షల డాలర్ల పరిమితికి లోబడి విదేశానికి వెళుతుంది.

అమ్మకం తరువాత మిగిలేవి

రిజిస్ట్రేషన్‌తో మున్సిపాలిటీ, విద్యుత్, నీటి కనెక్షన్ల పేర్లు వాటంతట అవే మారిపోవు. ఇంటి పన్ను పేరు మార్పు, అంటే మ్యుటేషన్‌ను రిజిస్ట్రేషన్‌తో ముడిపెట్టిన చోట కూడా అది నిజంగా జరిగిందో లేదో చూసుకోవాలి. విద్యుత్ కనెక్షన్ పాత యజమాని పేరిటే ఉంటే బకాయి నోటీసులు ఆయనకే వస్తాయి. తాళాలు, అసలు లింక్ డాక్యుమెంట్లు అప్పగించేటప్పుడు జాబితా రాసి కొనేవారి సంతకం తీసుకోవడం, సేల్ డీడ్ సర్టిఫైడ్ నకలు ఒకటి దగ్గర ఉంచుకోవడం చిన్న పనులే.

వాటి అవసరం తరువాత తెలుస్తుంది. అమ్మినవారి బాధ్యత రిజిస్ట్రేషన్ రోజుతో ముగియదు. అమ్మిన హక్కు తనకు ఉందని, దాన్ని బదిలీ చేసే అధికారం ఉందని ప్రతి అమ్మకందారూ హామీ ఇచ్చినట్లే ఆస్తి బదిలీ చట్టంలోని 55వ సెక్షన్ భావిస్తుంది. సేల్ డీడ్‌లో సాధారణంగా రాసే నష్టపరిహార వాక్యం దాన్ని మరింత బిగిస్తుంది. పదేళ్ల తరువాత ఒక వారసుడు వాటా కోరుతూ దావా వేస్తే, ఇల్లు ఎవరి చేతిలో ఉన్నా, అమ్మిన వ్యక్తికీ సమన్లు వస్తాయి. అప్పుడు ఎవరెవరు సంతకం చేశారు, ఎవరి ఖాతాలోకి ఎంత వెళ్లింది అన్నది చూపగలిగేది ఆ రోజు దాచుకున్న నకళ్లు, బ్యాంకు వివరాలే.